శుక్లం ముదరాలనే మాటే చూపునకు ముప్పు

మెదక్: 'వరికోతలు కానివ్వండి', 'ఇంకా ముదరలేదట', 'ఈ వయసులో చూపుతో పనేముంది'... కంటి శుక్లాల శస్త్రచికిత్స వాయిదా పడుతున్న ప్రతిచోటా వినిపించే మాటలివే. వీటిలో రెండోది మిగతా వాటికన్నా ప్రమాదకరమైనది. ఒకప్పుడు వైద్యులే ఆ సలహా ఇచ్చేవారు. కటకాన్ని మొత్తంగా వెలికితీసి సోడాబుడ్డి కళ్లద్దాలు పెట్టే రోజుల్లో ఆగడానికి అర్థముండేది. చికిత్స మారి దశాబ్దాలు గడిచినా రచ్చబండల వద్ద ఆ సలహా మాత్రం మారలేదు.

2015-19 జాతీయ సర్వే ప్రకారం దేశంలో 50 ఏళ్లు పైబడిన వారి అంధత్వానికి గల కారణాల్లో శుక్లాల వాటా 66.2 శాతం. అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమం 1976లోనే మొదలైంది. సాధారణంగా అరగంట కూడా పట్టని శస్త్రచికిత్సతో తిరిగొచ్చే చూపును ఇంతమంది కోల్పోవడానికి వైద్యం లేకపోవడం కన్నా అది సకాలంలో అందకపోవడమే ప్రధాన కారణం.

అద్దాలు అందాయి.. ఆ తర్వాత?

'కంటి వెలుగు' 2018 ఆగస్టు 15న ఈ జిల్లాలోని మల్కాపూర్‌లోనే ఆరంభమైంది. రెండో విడత 2023 జనవరిలో ఖమ్మంలో మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2019 అక్టోబరులో ఇదే పేరుతో పరీక్షలు చేపట్టారు. ఊరి ముంగిటికే పరీక్ష రావడం మేలైన మార్పే. అయితే కళ్లద్దాలు ఇచ్చినంత తేలిక కాదు శస్త్రచికిత్స చేయించడం. ప్రభుత్వ ఆస్పత్రిలో చికిత్స ఉచితమైనా తోడు వచ్చే కొడుకో కోడలో కూలి వదులుకోవాలి. మళ్లీ మళ్లీ పరీక్షలకు రావాలి. ఒంటరి వృద్ధురాలి సంగతి చెప్పనక్కర్లేదు. ఎంతమందిని పరీక్షించారన్న లెక్క కన్నా, శుక్లాలున్నట్లు తేలిన వారిలో ఎంతమందికి శస్త్రచికిత్స జరిగిందన్న లెక్కను గ్రామాలవారీగా ప్రకటిస్తేనే అసలు ఫలితం తెలుస్తుంది.

నొప్పి ఉండదు.. అదే చిక్కు

శుక్లం మొదలైతే నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు. చూపు పొగమంచులో ఉన్నట్లు మసకబారుతుంది. రాత్రివేళ ఎదురొచ్చే వాహనాల దీపాలు చెదిరి కళ్లు చెదరగొడతాయి. అద్దాల నంబరు తరచూ మారుతుంది. కొందరు పెద్దలు ఉన్నట్టుండి అద్దాలు లేకుండానే పత్రిక చదివి, చూపు తిరిగొచ్చిందని సంబరపడతారు. కటకం మధ్యభాగం గట్టిపడటం వల్ల కలిగే ఈ మార్పు చాలాసార్లు శుక్లానికి సూచనే, కొన్నాళ్లకే అదీ పోతుంది. మధుమేహులకు, పొగతాగేవారికి ముప్పు ఎక్కువ. కళ్లు దురద పెడుతున్నాయని ఆర్‌ఎంపీలు, మందుల దుకాణాలవారు ఇచ్చే స్టెరాయిడ్ చుక్కలను నెలల తరబడి వేసుకోవడమూ శుక్లానికి దారితీస్తుంది.

దైనందిన పనులకు చూపు అడ్డంకిగా మారినప్పుడే శస్త్రచికిత్సకు సమయం వచ్చినట్లు. మరీ ముదిరితే కటకం ఉబ్బి గాని, అందులోని పదార్థం బయటకు కారి గాని కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులకు దారితీయవచ్చు. అప్పుడు నరం దెబ్బతింటే శుక్లం తీసినా పోయిన చూపు రాదు.

ఏ చుక్కల మందుతోనూ శుక్లం కరగదు. మసకబారిన కటకాన్ని తొలగించి కృత్రిమ కటకాన్ని అమర్చడమే మార్గం. ఫేకో పద్ధతిలో దాదాపు మూడు మిల్లీమీటర్ల కోత చాలు. కాస్త పెద్ద కోతతో కుట్లు లేకుండా చేసే పద్ధతీ మంచి ఫలితాలే ఇస్తోంది. చలికాలంలోనే చేయించుకోవాలన్న నమ్మకానికి ఆధారం లేదు. ముందుగా రక్తపోటు, మధుమేహం అదుపులో ఉన్నాయో లేదో చూస్తారు.

శస్త్రచికిత్స తర్వాత వైద్యులు చెప్పినన్నాళ్లు చుక్కల మందు వాడాలి. కంట్లో నీళ్లు, దుమ్ము పడనీయకూడదు. నొప్పి, ఎరుపు పెరిగినా, చూపు తగ్గినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. ఇన్‌ఫెక్షన్ అయితే గంటల్లోనే కన్ను పోయే ప్రమాదముంది. నెలలో, ఏళ్లో గడిచాక కొందరికి మళ్లీ మసకలు కమ్ముతాయి. శుక్లం తిరిగి వచ్చిందని కలత చెందనక్కర్లేదు. కటకం వెనుక పొర మందగించడం వల్ల వచ్చే ఈ ఇబ్బందిని లేజరుతో కొద్ది నిమిషాల్లో సరిచేస్తారు.