‘సారీ చెప్పు’ అంటే చాలదు!

తోటిపిల్ల కిందపడి ఏడుస్తుంటే పట్టించుకోకుండా తన బొమ్మ కబుర్లే చెప్పుకుపోయే పిల్లాణ్ణి చూసి ‘వీడికి జాలీ దయా లేవు’ అనేస్తాం. ఆ వెంటనే ‘తల్లి పెంపకం అలా ఉంది’ అని ఇంకో ముద్ర. ఈ రెండు మాటలూ అన్యాయమేనంటాను.

కొందరు పిల్లలకి ఎదుటివాళ్ల మనసు పసిగట్టడం అంత సులువుగా రాదు. 1985లో సైమన్ బారన్‌కోహెన్, ఆయన సహచరులు లండన్‌లో ఓ చిన్న పరీక్ష పెట్టారు. శాలీ అనే బొమ్మ గోళీని బుట్టలో పెట్టి బయటికెళ్తుంది. ఆన్ అనే బొమ్మ దాన్ని తీసి పెట్టెలో దాచేస్తుంది. శాలీ తిరిగొచ్చి ఎక్కడ వెతుకుతుంది? ఆటిజం ఉన్న 20 మంది పిల్లల్లో 16 మంది పెట్టెనే చూపించారు. తమకి తెలిసింది శాలీకి తెలీదన్న సంగతి వాళ్లకి తట్టలేదు. ఇందులో రాతిగుండె ఎక్కడుంది చెప్పండి?

అలాంటి పిల్లాణ్ణి గద్దిస్తే నోటివెంట ‘సారీ’ వస్తుందిగానీ, ఎందుకు చెప్పాలో తెలియదు. ఇంట్లో నేర్పినా సగమే. వాడు నోరు తెరవకముందే అమ్మ కనిపెట్టేస్తుంది. తోటిపిల్లలు అలా సర్దుకుపోరు. గ్రూప్ థెరపీలో నలుగురైదుగురు పిల్లల్ని కలిపి కూర్చోబెట్టేది అందుకే.

అమెరికా మనస్తత్వ నిపుణుడు డేనియల్ లెగాఫ్ 2004లో వివరించిన పద్ధతినే చూడండి. లెగో ముక్కలతో బొమ్మ కట్టాలి. ఒకరి దగ్గర నమూనా కాగితం ఉంటుంది. ఇంకొకరు ముక్కలు అందించాలి, మరొకరు అమర్చాలి. తర్వాత ఎవరి పని వాళ్లు మార్చుకుంటారు. అవతలివాళ్లకి అర్థమయ్యేలా చెప్పకపోతే బొమ్మ పూర్తికాదు. పేచీ వస్తే పెద్దవాళ్లు తీర్పు చెప్పరు, పిల్లలచేతే దారి వెతికిస్తారు.

దీంతో అన్నీ మారిపోతాయని అనను. పిల్లలందరూ ఒకేలా ఉండరు కూడా. ముందు పిల్లల డాక్టరుకి చూపించి, వినికిడి సరిగా ఉందో లేదో తేల్చుకుని, ఆపైన నిపుణుల సలహాతోనే గ్రూపులో చేర్చాలి.

నా బాధల్లా ఒక్కటే. నలుగురూ ఏమనుకుంటారోనని ఇలాంటి పిల్లల్ని పెళ్లికీ పేరంటానికీ తీసుకెళ్లడం మానేస్తున్నాం. వాడు నేర్చుకోవాల్సింది నలుగురి మధ్యే అయినప్పుడు, ఆ నలుగుర్నీ వాడికి దూరం చేయడమేమిటి? పక్కింటివాళ్లం మనమూ ‘పొగరు’ అనే మాట మానేసి, మన పిల్లలతో ఆడుకోవడానికి వాణ్ణి పిలుద్దాం. ఎదుటివాళ్ల మనసు తెలుసుకోవడం వాడొక్కడే నేర్చుకోవాలా? మనకి అక్కర్లేదూ?