వీసా భయం ఉయ్యాల దాకా

జన్మతః పౌరసత్వంపై 2025 జనవరి 20న ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వు అమలును కోర్టులు అడ్డుకున్నాయి. అయినా హెచ్‌-1బి, హెచ్‌-4పై ఉన్న మన గర్భిణులు పడ్డ కంగారు తక్కువది కాదు. దీన్ని పేపర్ల సమస్యగానే చూస్తున్నాం. నాకిది తల్లీబిడ్డల సమస్యగానూ కనిపిస్తోంది.

కడుపుతో ఉన్నప్పుడు తీవ్ర ఆందోళన పడితే, కాన్పు తర్వాత డిప్రెషన్ వచ్చే ముప్పు పెరుగుతుంది. అప్పుడు బిడ్డ నవ్వినా, ఏడ్చినా తల్లి వెంటనే స్పందించలేకపోవచ్చు. ప్రేమ లేదని నిందించొద్దు; చికిత్సతో కోలుకుంటుంది. 'పాప పాలు తాగిందా?' అనడంతో ఆగకుండా 'నువ్వు నిద్రపోయావా అమ్మా?' అనీ అడుగుదాం. చెకప్‌లో ఎడిన్‌బరో 10 ప్రశ్నలకు దాచకుండా జవాబివ్వమందాం. అమెరికాలో 1-833-852-6262 నంబరుకు రాత్రైనా, పగలైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.