పికప్ బండికి టైరు: బురదకంటె ముందు బరువు

హసన్‌పర్తి పరిసర గ్రామములలో రైతు ఇంటిముందర ఎడ్లబండి నిలిచియుండుట నేడు అరుదైనది. ఆ స్థలమును పికప్ బండి ఆక్రమించినది. తెల్లవారుజామున పాల క్యానులు, కూరగాయలు. పగటివేళ యూరియా బస్తాలు, విత్తనములు. పంటకాలమున ధాన్యము, మక్కలు, పత్తి, మిరప - ఇవన్నియు ఆ నాలుగు చక్రములమీదనే సాగుచున్నవి. బండి కొనునాడు రైతు పదిమందిని విచారించును. ఇంజనునుగూర్చి, అప్పును గూర్చి, వడ్డీని గూర్చి దినములతరబడి ఆలోచించును. టైర్లు మార్చునాడు మాత్రము ఆ విచారణ కానరాదు. దుకాణమున నున్నవానిలో ఏది మోటుగా, ఎత్తైన గుబ్బలతో కనబడునో దానిని బిగించుకొని వచ్చుట ఒక వాడుకయైనది. పొరుగువాని బండికి ఆల్ టెరైన్ టైర్లున్నవి గనుక మనకును వలయునను పట్టుదల కొందరిది. ఈ వాడుక మంచిది కాదనియు, టైరు ఎన్నికలో మొదట చూడవలసినది బురద కాదు, బరువనియు మా అభిప్రాయము.

టైరు దుకాణమునకు పోవుటకు ముందు రైతు చేయవలసిన పని యొకటి కలదు. తన బండి సంవత్సరములో ఏ నేలపై ఎన్ని దినములు తిరుగుచున్నదో లెక్క వేసికొనవలెను. మన బండ్లలో అనేకము 563వ సంఖ్య జాతీయ రహదారిమీద హనుమకొండకును, అచ్చటినుండి ఎనుమాముల మార్కెట్టునకును పోయివచ్చుచుండును. ఊరిలోపల సిమెంటు బాటలు. ఊరు దాటినపిదప చేనివరకు మొరము బాట, కొన్ని చోట్ల కంకర, కొన్ని చోట్ల ఉత్తమన్ను. నిజమైన బురద వానకాలమున కొన్ని వారములు మాత్రమే. ఆ కొన్ని వారముల భయముచేత ఏడాదిపొడవునకు సరిపడని టైరును బిగించుకొన్నవాడు, ఒక పెండ్లికొరకు కుట్టించిన పట్టు అంగరకాను తొడిగికొని నాట్లు వేయబోయినవానివంటివాడు.

టైర్లు స్థూలముగా మూడు జాతులు. మొదటిది రహదారి టైరు. దీనిమీద నిలువు కాలువలు ఎక్కువ, ఖాళీలు తక్కువ. తారుపై రబ్బరు నిండుగా ఆనును. కావున చప్పుడు తక్కువ, అరుగుదల నెమ్మది, డీజిలు ఖర్చు స్వల్పము. మూడవది బురద టైరు. దీని గుబ్బలు పెద్దవి, వాని నడుమ సందులు వెడల్పైనవి. చక్రము తిరుగుచుండగా సందులలోని బురద విదిలిపోయి గుబ్బ మరల మన్నును పట్టుకొనును. కాని తారుపై ఈ గుబ్బలే లోపము. నేలకు ఆను రబ్బరు తక్కువగుటచే తడిసిన రోడ్డుపై బ్రేకు వేసినప్పుడు బండి ఎక్కువ దూరము సాగును. గుబ్బల అంచులు త్వరగా అరుగును. ఇంధనము ఎక్కువ త్రాగును. ఈ రెంటి నడిమిది ఆల్ టెరైన్ టైరు. దీని గుబ్బలు మధ్యరకమువి. వానిపై నీటిని చీల్చు సన్నని గాట్లుండును. మంచిరకములలో ప్రక్కగోడ గట్టిగా నుండి కంకర కోతలను తట్టుకొనును.

అట్లైన ఎవరికేది? ఊరినుండి మార్కెట్టునకు తారుపైననే తిరుగు బండికి రహదారి టైరే చాలును. అధికమునకు వెచ్చించిన సొమ్ము వ్యర్థము. ప్రతిదినము మొరము బాటపై, కంకరపై, కాలువ గట్టులపై చేనికి పోయివచ్చు బండికి ఆల్ టెరైన్ టైరు తగినది. బురద టైరు మన నిత్యపు పికప్ బండ్లలో దేనికిని అవసరము లేదని మా నిశ్చయము. ఇచ్చట నేలల భేదమును గూడ గమనింపవలెను. చల్క నేలలో నీరు త్వరగా ఇంకును. అచ్చట ఆల్ టెరైన్ టైరు చక్కగా పట్టు చూపును. రేగడి నేల తడిసెనా, జిగురువలె సందులను నింపివేయును. అప్పుడు ఎంత ఖరీదైన టైరైనను నున్నని గుండుతో సమానము. పైగా మన పికప్ బండ్లలో అధికము వెనుక చక్రములచేతనే నడచునవి. ముందు చక్రములకు ఇంజను బలము అందని బండికి టైరు మార్చినంతమాత్రమున నాలుగు చక్రముల బండి బలము రాదు. దమ్ము చేసిన పొలములోనికి పికప్పును దింపక, గట్టుకడకు ట్రాక్టరుతో సరకు తెప్పించుకొనుటయే వివేకము.

ఇక అసలు సంగతికి వత్తము. టైరు ప్రక్కగోడపై నున్న అంకెలు అలంకారమునకు వేసినవి కావు. 215/75 ఆర్ 15 అని యున్నచో, 215 మిల్లీమీటర్లు వెడల్పు. ఆ వెడల్పులో నూటికి 75 పాళ్లు ప్రక్కగోడ ఎత్తు. ఆర్ అనగా రేడియల్. 15 అంగుళములు రిమ్ము వ్యాసము. దాని ప్రక్కన 104/102 వంటి సంఖ్య యుండును. ఇదియే భారసంఖ్య. 100 అనగా ఒక్క టైరు 800 కిలోలు మోయును. 104 అనగా 900. 108 అనగా 1,000. రెండు సంఖ్యలున్నచోట మొదటిది ఒంటి చక్రమునకు, రెండవది జంట చక్రములకు. మన పికప్పులకు వెనుక ఒంటి చక్రములే గనుక మొదటి సంఖ్యనే చూడవలెను. 104 సంఖ్య గల రెండు టైర్లు వెనుక నున్నప్పుడు ఆ ఇరుసుపై బండి బరువు, సరకు బరువు కలిసి 1,800 కిలోలు మించరాదు.

ఒక లెక్క చూతము. బండికి కంపెనీ నిర్ణయించిన సరకు 1,500 కిలోలనుకొందము. 40 కిలోల ధాన్యపు బస్తాలు 37 ఎత్తినచో 1,480 కిలోలు, హద్దులోనే యున్నవి. అదే బండిలో 50 బస్తాలు ఎత్తినచో 2,000 కిలోలు. అదనపు 500 కిలోలలో అధికభాగము వెనుక రెండు టైర్లమీదనే పడును. కారులకొరకు చేసిన ఆల్ టెరైన్ టైర్లు కొన్ని చూపునకు బలిష్ఠముగా నుండియు వాని భారసంఖ్య పికప్పునకు చాలక యుండును. కావున గుబ్బలను చూచి కాక, బండితో వచ్చిన పాత టైరుపై నున్న భారసంఖ్యకు తగ్గని దానినే అడిగి కొనవలయును. దుకాణదారు "ఇది సరిపోవును" అన్నంతమాత్రమున తృప్తి పడక, అంకెను కంట చూచి చేత తాకి తెలిసికొనవలెను.

బరువు తరువాతిది గాలి. ఎండకాలమున టైరు వేడెక్కి పగులునని కొందరు గాలి తగ్గించుట కలదు. ఇది తలక్రిందులైన వైద్యము. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టులోను ప్రక్కగోడ ఎక్కువగా వంగును; వంగినకొలది లోపల వేడి పుట్టును; వేడికి రబ్బరు లోపలి త్రాళ్లనుండి విడివడును; అటుపిమ్మట టైరు పగులును. మే మాసపు ఎండలో కాలుచున్న తారుమీద అధికభారముతో, తక్కువ గాలితో పరుగెత్తు బండి గతి గోరుచుట్టుపై రోకటిపోటే. గాలి ఎంత యుండవలెనో డ్రైవరు తలుపు ప్రక్కన అతికించిన పట్టికలో నుండును. ఖాళీ బండికి ఒకటి, నిండు బండికి ఒకటి చూపబడియుండును. ఉదయమున బండి కదలకముందు, టైరు చల్లగా నున్నప్పుడే కొలువవలెను. మెత్తని మన్నులో దిగబడినప్పుడు కొంత గాలి తీసి బయటపడవచ్చును గాని, తారెక్కుటకు ముందు మరల నింపితీరవలయును.

ఈ విషయమును ఇంత విస్తరించి వ్రాయుటకు కారణము సొమ్ము మాత్రమే కాదు. పత్తి ఏరుటకు, మిరప కోతకు కూలి స్త్రీలను పికప్ బండ్ల వెనుక నిలువబెట్టి తీసికొనిపోవుట మన గ్రామములలో నిత్యము చూచుచున్నాము. సరకు బండిలో మనుష్యులను ఎక్కించుట చట్టవిరుద్ధము, అంతకంటె ధర్మవిరుద్ధము. నిలుచున్నవారికి పట్టుకొనుటకు కమ్మి తప్ప వేరొకటి లేదు. వెనుక టైరు పగిలి బండి ఒరిగినచో బస్తా చినిగిన నష్టము తీరును గాని, ఇల్లాలిని కోల్పోయిన ఇంటి నష్టము ఏ భీమాచేతను తీరదు. మంచి టైరు వేసితిని గనుక పదిమందిని ఎక్కింతునని ఎవరును తలపరాదు. కూలివారికి ఆటో కిరాయి ఇచ్చుట రైతునకు భారమే. ఆ భారమును ఇద్దరు ముగ్గురు రైతులు పంచుకొనుట మేలు.

కొనునప్పుడు చూడవలసినవి మరికొన్ని క్లుప్తముగా చెప్పుదుము. టైరుపై ఐ.ఎస్.ఐ. ముద్ర యుండవలెను. తయారైన కాలము నాలుగంకెలతో ముద్రింపబడియుండును. 2325 అనగా 2025వ సంవత్సరపు 23వ వారము. ఏండ్లతరబడి నిలువయున్న టైరును తక్కువ ధరకు ఇచ్చినను వలదు. ఒకే ఇరుసునకు రెండు రకముల టైర్లు బిగింపరాదు. రెండే కొనగల శక్తి యున్నప్పుడు క్రొత్తవానిని వెనుకకు బిగించుట మేలు. వెనుకభాగము జారెనా, బండి గిరుక్కున తిరిగిపోవును. అందముకొరకు పెద్ద కొలత టైరు వేయుటయు తగదు. 215కు మారుగా 235 వెడల్పుది అదే 75 పాళ్లలో వేసినచో చక్రపు వ్యాసము నూటికి నాలుగు పాళ్లకు పైగా పెరుగును. వేగము చూపు ముల్లు అంతమేరకు తక్కువ చూపును, బరువుతో ఎత్తు ఎక్కునప్పుడు ఇంజను శ్రమపడును. గాట్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గిన టైరు రోడ్డుమీద ఉండరాదని 1989వ సంవత్సరపు కేంద్ర మోటారు వాహన నియమములు శాసించుచున్నవి. వానకాలమునకు ముందుగానే మార్చుకొనువాడు నియమముకంటె ముందుచూపు గలవాడు.

"ఇవన్నియు సొమ్ము గలవారి మాటలు, దొరికిన పాత టైరుతో నెట్టుకొనివచ్చువారి సంగతి యేమి?" అని అడుగువారు కలరు. వారి కష్టము మాకు తెలియనిది కాదు. ఐనను టైరు ధరను అది నడచిన కిలోమీటర్లచేత భాగించి చూడుడు. చౌకగా తెచ్చిన పాతది కొలదినెలలకే పోయినచో, కిలోమీటరునకు పడిన ఖర్చు క్రొత్తదానికంటె మించవచ్చును. టైరు వేసిననాటి మీటరు అంకెను ఒక చిన్న పుస్తకమున వ్రాసికొన్న రైతునకు మరుసటి కొనుగోలులో ఎవరి సలహాయు అక్కరలేదు.

అయితే ఒంటరి రైతు చేయలేనిది సంఘము చేయగలదు. ముల్కనూరు సహకార గ్రామీణ పరపతి సంఘము 1956లో స్థాపితమైనది మొదలు తన సభ్యుల అక్కరలను కూడబలుకుకొని తీర్చుకొనుట ఎట్లో మన కన్నులయెదుటనే చూపుచున్నది. ఎరువును కలిసి కొనగలిగినవారము టైరును కలిసి కొనలేమా? సభ్యుల బండ్ల కొలతలను, భారసంఖ్యలను సంఘము ఒక పట్టికగా వ్రాసి, వానకాలమునకు ముందు ఒక్కసారిగా బేరము చేసినచో ధరయు తగ్గును, నకిలీ సరకు భయమును తగ్గును. 2025 సెప్టెంబరు 22నుండి క్రొత్త టైర్లపై జి.ఎస్.టి. నూటికి 28నుండి 18కి తగ్గినది. రసీదుతో కొన్నగాని ఆ తగ్గింపు మనకు దక్కినదో లేదో తెలియదు. గిడ్డంగికడ నమ్మదగిన గాలి గేజి, గాలి యంత్రము ఉంచుటయు పెద్ద వ్యయము కాదు.

చివరకు ఒక మాట. టైర్లను చంపునది బాటయే. దమ్ము చక్రములను విప్పకయే ట్రాక్టరును తారురోడ్డుమీద నడుపుట మనలో కొందరికి అలవాటు. ఆ ఇనుప రెక్కలు చెక్కిన రోడ్డుమీదనే మరునాడు మన బండ్లు పోవలయును. తెగిన అంచులు మన టైర్లనే కోయును. ఒకరి తొందర పదిమంది టైర్లకు చేటు. చేని బాటలోని గుంతలను వానలకు ముందే సాటి రైతులు కలిసి మొరముతో పూడ్చినచో, ఆల్ టెరైన్ టైరు అవసరమే కొందరికి తప్పిపోవును.

కావున రైతు సోదరులారా, టైరు కొనబోవునప్పుడు దినములను లెక్కింపుడు, బరువును తూచుడు, అంకెలను చదువుడు, గాలిని కొలువుడు. గుబ్బల ఎత్తును చూచుట వీనియన్నిటికిని తరువాతిది. రాబోవు సర్వసభ్య సమావేశమున ఉమ్మడి కొనుగోలు విషయమును చర్చకు పెట్టవలసినదిగా కార్యవర్గమువారిని కోరుచున్నాము.