శక్తికి సలీకా

వేగమన్న యౌవనమునకు ప్రీతి. ఇది నేటి మాట కాదు. గుర్రపు స్వారిని చూచి ముచ్చటపడిన తాతలు, మోటారు సైకిలును చూచి ఉబలాటపడిన తండ్రులు గల కుటుంబములలో పుట్టినవారమే మనమందరము. కావుననే మేము కొందరము సెలవు దినములలో కళాశాల వెనుకనున్న రేకుల షెడ్డులో చేరి, ఒక పాత కారు ఇంజనుకు టర్బోఛార్జరును అమర్చి, చిన్న పందెపు కారును స్వహస్తములతో నిర్మింప పూనుకొన్నాము. చూడవచ్చిన ప్రతివారును అడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే: "ఎన్ని గుర్రముల శక్తి?" బానెట్టు ఎత్తి చూపుమని అడిగినవారు మాత్రము అరుదు. అడుగదగిన ప్రశ్న ఆ రెండవదే యని ఇప్పుడు మా అభిప్రాయము. దానిని విద్యార్థి మిత్రులకును, కళాశాల కమిటీ పెద్దలకును విన్నవించుటకే ఈ వ్యాసము.

ఉర్దూలో 'సలీకా' అని ఒక అందమైన మాట కలదు. తెలుగులో 'పొందిక' అన్నచో దానికి దగ్గరగా వచ్చును. ఏ వస్తువు ఎచ్చట ఉండవలెనో అచ్చట ఉండుట, ఏ పని ఎప్పుడు చేయవలెనో అప్పుడు చేయుట, చేసిన పనిలో చేసినవాని మనస్సు కనబడుట – ఇదియే సలీకా. మన ఇండ్లలో ఈ గుణమును ఆడపిల్లలయందే వెదకుదురు. ఇంటిని చూచి ఇల్లాలిని చూడుమన్న సామెతయు అట్టిదే. యంత్రశాలలో చమురు చేతులతో నిలిచిన యువకుని సలీకా ఎట్టిదని ఎవరును అడుగరు. అడుగకపోవుట వలన కలుగు నష్టమేమో మేము అనుభవము మీద తెలిసికొన్నాము.

టర్బోఛార్జరు అనగానేమో ముందుగా రెండు మాటలలో చెప్పవలెను. ఇంజను విడిచిన పొగ ఊరక గాలిలో కలిసిపోవునప్పుడు దానితోపాటు కొంత శక్తియు వృథా యగును. ఆ పొగచేత ఒక చిన్న చక్రమును త్రిప్పించి, అదే ఇరుసు రెండవ కొననున్న మరియొక చక్రముచేత గాలిని ఒత్తి ఇంజనులోనికి పంపినచో, అంతే పరిమాణము గల ఇంజను ఎక్కువ ఇంధనమును దహించి ఎక్కువ శక్తి నిచ్చును. స్విట్జర్లాండు దేశపు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషీ ఈ ఊహకు 1905లో పేటెంటు పొందినాడు. 1918లో అమెరికాలోని పైక్స్ శిఖరము మీద, సుమారు 14,000 అడుగుల ఎత్తున, శాన్‌ఫర్డ్ మాస్ అను ఇంజనీరు పలుచని గాలిలో కూడ విమానపు ఇంజను తన బలమును కోల్పోకుండ ఈ సాధనముతో నడిపి చూపినాడు. సామాన్యులు కొనగల కార్లలో ఇది 1962లో అమెరికాలోనే మొదట కనబడినది.

ఇంతవరకు కథ సుఖముగనే యున్నది. కష్టమంతయు బానెట్టు క్రింద నున్నది. ఆ చిన్న ఇరుసు నిమిషమునకు లక్ష చుట్లకు మించి తిరుగును. దానిని త్రిప్పు పొగ వేడిమి పెట్రోలు ఇంజనులో సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వరకు పోవును; అప్పుడు ఇనుప గొట్టము ఎర్రగా కనబడును. ఆ నిప్పునకు జానెడు దూరములోనే చమురు గొట్టము, పెట్రోలు గొట్టము, రబ్బరు గొట్టములు, ప్లాస్టిక్ తొడుగు గల విద్యుత్ తీగెలు ఉండక తప్పదు. ఒత్తిన గాలి వేడెక్కును గనుక దానిని చల్లార్చుటకు ఇంటర్‌కూలరు కావలెను. దానికి పోవు గొట్టము ఒకటి, వచ్చు గొట్టము ఒకటి. ఇన్నింటికిని చోటు అదే. కాని ఒకదాని మేలు మరియొకదానికి కీడు. ఎవరిని ఎవరి ప్రక్కన కూర్చుండబెట్టవలెనో తెలియని పెండ్లివారి విందువంటిది ఇంజను గది.

ఒక్క ఉదాహరణము చాలును. ఒత్తిడి హద్దు మీరకుండ కాపాడుటకు వేస్ట్‌గేట్ అను ద్వారము కలదు. ఒత్తిడి పెరుగగానే ఆ సమాచారము ఒక సన్నని రబ్బరు గొట్టము ద్వారా దానికి చేరును. అది తెరచుకొని ఎక్కువైన పొగను ప్రక్కదారిన పంపును. ఆ గొట్టము వేడికి చీలినను, క్లిప్పు వదులై ఊడినను, సమాచారము చేరదు, ద్వారము తెరచుకొనదు. ఒత్తిడి పెరుగుచునే యుండి, వేరు రక్షణ లేనిచో, పిస్టన్లు పగులును. కొలది రూపాయల గొట్టము వేలాది రూపాయల ఇంజనును మ్రింగును. కావున ఆ గొట్టము ఎచ్చటినుండి పోవుచున్నది, దేనికి ఆనుచున్నది, చేతికి కంటికి అందుచున్నదా అనునవి అలంకార విషయములు కావు; ప్రాణ విషయములు.

గొప్ప సంస్థలు సైతము ఈ పాఠమును సులభముగ నేర్వలేదు. 1962లో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ కారుకు నీరు, మిథనాలు కలిసిన ద్రవమును ఒక ప్రత్యేకపు తొట్టిలో పోయవలసి యుండెను. కొన్నవారిలో చాలమంది దానిని నింపుట మరచినారు. 1963 తరువాత ఆ కారు తయారీ ఆగినది. 1977లో సిల్వర్‌స్టోన్ పందెమునకు వచ్చిన రెనో టర్బో కారు పొగలు గ్రక్కుచు ముగింపు చేరకయే ఆగినది. చూచినవారు దానిని పసుపుపచ్చని టీ కెటిలని పరిహసించినారు. కాని రెండు సంవత్సరములు ఓర్పుతో పనిచేసి, ఒకటికి బదులు రెండు చిన్న టర్బోలను అమర్చి, 1979లో ఫ్రాన్సులోని దిజోఁ పందెమున ఆ సంస్థయే నెగ్గినది. పరిహాసమునకు వారు మాటలతో బదులీయలేదు, అమరికతో బదులిచ్చినారు.

పొందికయే సౌందర్యమైన సందర్భములును కలవు. 1974లో పారిస్ ప్రదర్శనలో చూపిన పోర్షే 911 టర్బో 3 లీటర్ల ఇంజనుతో 260 గుర్రముల శక్తి నిచ్చినది. 1978 నాటికి 3.3 లీటర్ల ఇంజను, దానితో ఇంటర్‌కూలరు వచ్చి, శక్తి 300కు చేరినది. వెనుక చక్రముల ఆవలనున్న ఆ ఇరుకు గదిలో ఇంటర్‌కూలరుకు చోటేది? వెనుక రెక్కనే ఎత్తుచేసి, దాని క్రింద అమర్చినారు. పళ్లెమువంటి ఆ రెక్కను నేటికిని జనులు శోభయని తలతురు. దాని క్రింద దాగినది అవసరము. 1987 నాటి ఫెరారి ఎఫ్ 40లో ఇంజను గది మూతయే పారదర్శకము. దానిలోని చీలికల గుండ వేడి బయటకు పోవును. చూచువారికి అది గవాక్షము, ఇంజనుకు అది శ్వాస. 1990 దశాబ్దపు మెక్‌లారెన్ ఎఫ్ 1 కారుకు టర్బో లేకున్నను, దాని ఇంజను గదికి బంగారు రేకు తొడిగినారు. అది ఆడంబరమునకు గాదు. వేడిని త్రిప్పికొట్టుటలో బంగారమునకు మించినవి అరుదు.

ఇవన్నియు చదివిన మేము ఏమి చేసినామో చెప్పుటకు సిగ్గుపడవలసి యున్నను చెప్పెదము. ప్రదర్శన దినము దగ్గర పడినది. మా ఇంజను గది ఛాయాచిత్రములలోని వానివలె నిగనిగలాడవలెనని మాకు కోరిక కలిగినది. తీగెలన్నియు మూటగట్టి కంటికి కనబడకుండ అంచుల క్రింద దాచినాము. టర్బోనుండి చమురు తిరిగి వచ్చు గొట్టము అడ్డదిడ్డముగ కనబడుచున్నదని దానిని ఒక బిగింపు మీదుగ పైకి వంచి మరుగుపరచినాము. అందరును మెచ్చుకొన్నారు. ఇంజను మొదలుపెట్టిన పది నిమిషములలో తెల్లని పొగ కమ్మినది. క్రిందికి దిగలేని చమురు టర్బోలో నిలిచి, పొంగి, ఎర్రని గొట్టముపై కారి అంటుకొన్నది. దాచిన తీగెల మూట కూడ కాలసాగినది. బ్యాటరీ తీగెను ఊడదీయబోయిన మా మిత్రుని ముంజేయి కాలినది. షెడ్డులో నిప్పునార్పు సాధనము లేదు. ఇసుక బకెట్టు ఉండబట్టి బ్రతికిపోయినాము. ఆ మచ్చ నేటికిని అతని చేతిమీద నున్నది. అది అతని పొరపాటు కాదు, మా అందరి పొరపాటు.

మరునాడు ఆ మిత్రుడు తన తండ్రిని పిలుచుకొని వచ్చినాడు. ఆయన ముప్పది ఏండ్లుగా ఇంజన్లు విప్పి బిగించుచున్న ఉస్తాదు. గొట్టమును ఒకసారి వ్రేలితో తాకి, "తేల్ ఊపర్ నై చడ్తా బేటా" అన్నారు. నూనె కొండెక్కదు బాబూ అని భావము. టర్బోనుండి వచ్చు చమురు నురుగు కట్టి యుండును. దానిని త్రోయువారు లేరు. తన బరువుతో తానే క్రిందికి జారవలెను. పుస్తకములో ఉన్న ఈ మాట మేము చదివియే యున్నాము. చదివినది చేతికి దిగలేదు. ఆయన సాయంకాలము వరకు మాచేత పని చేయించినారు. గొట్టము నిటారుగ దిగినది. తీగెలు వేడికి దూరముగ, జానకొక బిగింపుతో, ఇనుప గోడను దాటుచోట రబ్బరు కమ్మీతో, కంటికి కనబడునట్లు సాగినవి. పెట్రోలు గొట్టము ఒక ప్రక్కకు, విద్యుత్తు మరొక ప్రక్కకు చేరినవి. ప్రతి తీగెకు చీటీ కట్టినాము. ముగిసిన పిమ్మట చూడగా, అదివరకటికన్న తక్కువ మెరయుచున్నను, ఎక్కువ అందముగ నున్నది.

కావున మా వాదమిది. పొందిక రెండు విధములు. చూపరుల కొరకు దాచునది ఒకటి. రేపు మరమ్మతు చేయువాని కొరకు తెరచి యుంచునది మరియొకటి. మొదటిది మోసము, రెండవది మర్యాద. మన విద్యలోను ఈ రెండును కలవు. పరీక్షకు ముందు రాత్రి కంఠస్థము చేసి మెరయుట మొదటి తెగకు చెందినది.

"ఉన్నదానితో నెట్టుకొని వచ్చుటయే మన ప్రజ్ఞ, జుగాడ్ లేనిదే పేదవానికి బండి నడువదు" అని కొందరందురు. నిజమే, దారిలో ఆగిన బండిని ఇల్లు చేర్చుటకు జుగాడ్‌ను మించినది లేదు. కాని ఇల్లు చేరిన తరువాత దానిని సరిచేయకుండుట ప్రజ్ఞ కాదు. "మైనారిటీ కళాశాలలో పందెపు కారు ఎందులకు, ఉద్యోగములకు పనికివచ్చు విద్య చాలదా?" యని మరికొందరు. మేము కోరునది కారు కాదు, చేతికి క్రమశిక్షణ. ఈ కారును రోడ్డు మీద నడుపవలెననియు మేము కోరుట లేదు. 1988 మోటారు వాహనముల చట్టము 52వ విభాగము అట్టి మార్పులను నియంత్రించుచున్నది, అది సబబే. "విద్యుత్ కార్లు వచ్చుచుండగా టర్బో పాతబడదా?" యను ప్రశ్నయు విన్నాము. పాతబడనిమ్ము. విద్యుత్ కారులో ప్రాణాంతకమైన వోల్టేజి గల తీగెలకు నారింజ రంగు తొడుగు వేయుటయు సలీకాయే గదా!

విద్యార్థులు పందెపు కార్లను నిర్మించు పోటీ 1981లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయములో ప్రారంభమైనది. నేడు మన దేశమునను ఫార్ములా భారత్ వంటి పోటీలు జరుగుచున్నవి. ఈ తరహా అంతర్జాతీయ పోటీలలో ఇంజను పీల్చు గాలి అంతయు 20 మిల్లీమీటర్ల రంధ్రము గుండనే రావలెను. బలమునకు హద్దు ముందే కట్టినారన్నమాట. కారును 60 డిగ్రీల వరకు ప్రక్కకు వంచి, చుక్క చమురు కారినను వెనుకకు పంపుదురు. అమెరికా పోటీలో మొత్తము 1000 మార్కులలో 325 మార్కులు కారు కదలకముందే – రూపకల్పనకు, ఖర్చు లెక్కకు, వివరణకు – ఇచ్చెదరు. వేగమును కోరు పోటీయే పొందికకు ఇంత విలువ నిచ్చుచుండగా, మన ప్రయోగ పరీక్షలో దానికి ఒక్క మార్కైనను లేకుండుట విచారకరము.

కమిటీ పెద్దలకు మా మనవి స్వల్పము. షెడ్డులో తగిన నిప్పునార్పు సాధనములు ఉంచుడు. ప్రయోగ పరీక్షలో పనిముట్లను తుడిచి యథాస్థానమున ఉంచినవానికి కొన్ని మార్కులు కేటాయించుడు. అన్నిటికన్న ముఖ్యముగ, మాసమునకు ఒకసారియైనను నగరములోని ఉస్తాదులను పిలిచి, గౌరవ వేతనమిచ్చి, మాకు పాఠము చెప్పింపుడు.

ఈ చివరి కోరికకు కారణము కలదు. ఆ దినము మా మిత్రుని తండ్రి కళాశాల వెనుక గేటునుండి వచ్చి, వెనుక గేటునుండియే వెడలినారు. ముందు గేటునుండి రమ్మని మేము బ్రతిమాలగా, "చదువు లేనివాడిని, చమురు బట్టలు, అటు ఎందుకులే" అన్నారు. ప్రవేశ పత్రములో 'తండ్రి వృత్తి' అనుచోట తాను 'వ్యాపారము' అని వ్రాసినట్లు మా మిత్రుడు ఆ రాత్రి మాతో చెప్పినాడు. వాని మాట విని మేము నవ్వలేదు. మాలో మరి ఇద్దరు కూడ అట్లే వ్రాసియున్నారు.

మిత్రులారా, ఇంజను గదిని సరిదిద్దుట ఒక సాయంకాలపు పని. ఈ గడిని సరిదిద్దుట మనమే చేయవలసిన పని. వచ్చు సంవత్సరము పత్రము నింపునప్పుడు అచ్చట 'మెకానిక్' అని స్పష్టముగ, పొందికగ, దాచకుండ వ్రాయుదము.