సిల్లీ ఎవరమ్మా?

ఇంగ్లీషు రానివాళ్ళకి కూడా వచ్చిన ఇంగ్లీషు మాట ఒకటుంది. అదే 'సిల్లీ'. వినడానికి ముద్దుగానే ఉంటుంది. ఆ ముద్దుమాట మీదే నా దెబ్బలాటంతా.

స్నేహితుడి అప్పుకి హామీ సంతకం పెట్టబోతున్న మొగుడితో ఇల్లాలు "ఆ కాగితాలు ఒకసారి చదవండి" అంటుంది. "సిల్లీగా మాట్లాడకు" అంటాడాయన. అక్కడితో సరి! అదే "తెలివితక్కువగా మాట్లాడకు" అన్నాడనుకోండి, "ఏం తెలివితక్కువ?" అని ఎదురడగొచ్చు. ఆయన కారణం చెప్పుకోవాలి. 'సిల్లీ'కి కారణం అక్కర్లేదు. అది జవాబు చెప్పదగ్గ మాటే కాదని కొట్టిపారెయ్యడమే దాని పని. రేపు ఆ స్నేహితుడు ఎగ్గొట్టి బ్యాంకు నోటీసు ఇంటికొస్తే, అది మాత్రం సిల్లీ కాదండోయ్, 'బ్యాడ్ లక్'!

ఈ మాట పుట్టుక చూస్తే నవ్వొస్తుంది. పాత ఇంగ్లీషులో దీనికి ధన్యుడు, పుణ్యాత్ముడు అని అర్థం. జర్మన్ భాషలో దీని దాయాది మాటకి ఇప్పటికీ ఆ అర్థమే. ఇంగ్లీషులో మాత్రం పుణ్యాత్ముడు కాస్తా అమాయకుడయ్యాడు. అమాయకుడు జాలిపడదగ్గ అర్భకుడయ్యాడు. 16వ శతాబ్దం వచ్చేసరికి బుద్ధితక్కువవాడై కూర్చున్నాడు. మనం మాత్రం? మంచివాణ్ణి 'వెర్రిబాగులవాడు' అనడం లేదూ!

క్రికెట్టులో 'సిల్లీ పాయింట్' అని ఒక చోటుంది. బ్యాటు పట్టుకున్నవాడి ముక్కుకింద నిలబడాలి. అంత దగ్గర నిలబడ్డం ప్రమాదం, బుద్ధితక్కువ గనకే ఆ పేరు. అయినా అక్కడ నిలబడ్డవాణ్ణి ధీరుడంటాం. మగవాడి అసలైన సిల్లీ పనికి చప్పట్లు, ఆడదాని న్యాయమైన ప్రశ్నకి సిల్లీ అన్న బిరుదూనా?

ఆడవాళ్ళు ఆడవాళ్ళని అనలేదా అంటారేమో. అన్నారు. తరవాత జార్జ్ ఇలియట్ అనే మగపేరుతో నవలలు రాసిన మేరీ ఆన్ ఎవాన్స్, రచయిత్రుల సిల్లీ నవలల మీద 1856లో పెద్ద వ్యాసమే రాసింది. కాని ఊరికే అనేసి ఊరుకోలేదు, ఎందుకు సిల్లీయో వరసపెట్టి చూపించింది. అలా చూపించేవాళ్ళతో మనకేం పేచీ?

కనక అక్కయ్యలూ, ఈసారి ఎవరైనా ఆ మాటంటే చిన్నబుచ్చుకోకండి, నవ్వేసి వంటింట్లోకీ పోకండి. "ఎందుకో చెప్పండి" అని అక్కడే కూర్చోండి. చెప్పగలిగితే వినండి. చెప్పలేకపోతే, ఆ కలం మాత్రం ఆయన చేతికివ్వకండి.