దోమను పెంచుతున్నదెవరు?

వరి పొట్టకొచ్చే వేళకు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఏ ఊరికి పోయినా వినిపించే మాట ఒక్కటే: "దోమ పడ్డది, మందు కొట్టాలె." మందుల దుకాణం ముందు రైతులు, పంపు వీపున వేసుకుని బురదలో తిరిగే కూలీలు, పదిహేను రోజులు తిరక్కముందే మళ్లీ అదే దోమ, మళ్లీ అదే దుకాణం. దోమ ఎందుకొచ్చిందని అడిగితే దుకాణదారు ఆకాశం వైపు చూపిస్తాడు. మబ్బు పట్టింది, కాలం బాగాలేదు అంటాడు. కాలం సంగతి కొంత నిజమే. కాని దోమ లెక్క తెలుసుకున్నవారికి మందు డబ్బా మీద కూడా అనుమానం రాక మానదు. ఈ లెక్క మన కూలీలకు, కార్యకర్తలకు తెలిసి తీరాలని మేము అంటున్నాం. ఎందుకంటే ఆ డబ్బా మోసేది మన వీపే.

పుట్టుక లెక్క, చావు లెక్క

సుడిదోమ ఆడది 200 నుంచి 300 దాకా గుడ్లు పెడుతుంది. గుడ్డు పెట్టిన నాటి నుంచి అది దోమై తిరిగి గుడ్లు పెట్టే దాకా సుమారు నెల రోజులు. అంటే ఒక్క వరి కారులో మూడు తరాలు గడుస్తాయి. 200 గుడ్లలో సగం ఆడవి అనుకుంటే ఒక ఆడదోమకు నూరు, నూరుకు పదివేలు, పదివేలకు పది లక్షలు. మూడు నెలల్లో ఇంత! అన్నీ బతికితే నాటు వేసిన ఏ మడీ కోతకు రాదు. అయినా వేల ఏండ్లుగా మన తాతలు వరి పండించుకునే తిన్నారు. అదెట్లా సాధ్యమైంది?

పుట్టినవన్నీ బతకవు గనుక సాధ్యమైంది. దోమల సంఖ్య పెరగక, తరగక నిలకడగా ఉండాలంటే 200 గుడ్లలో చివరికి రెండే మిగలాలి. తక్కిన 198 ఏదో ఒక దశలో చావాలి. వాటిని చంపే కూలీలు పొలంలోనే ఉన్నారు. నీళ్ల మీద, దుబ్బు మొదట్లో తిరిగే సాలెపురుగులు పిల్లదోమలను, పెద్దదోమలను పట్టి తింటాయి. మిరిడ్ నల్లులు ఆకు తొడుగులో దాచిన గుడ్లను పీల్చేస్తాయి. కంటికి ఆనని కందిరీగ జాతి పురుగులు దోమ గుడ్డులోనే తమ గుడ్డు పెట్టి దాన్ని పనికిరాకుండా చేస్తాయి. అక్షింతల పురుగులు, తూనీగలు తమ వంతు తింటాయి. జోరువాన కొన్నిటిని కొట్టుకుపోతుంది. ఏ దుకాణంలోనూ దొరకని ఈ కాపలాకు ఎవరూ పైసా ఇచ్చింది లేదు.

ఇప్పుడు ఆ కాపలా కొంచెం సడలిందనుకుందాం. 198 చావాల్సిన చోట 190 మాత్రమే చచ్చాయి. తేడా ఎనిమిదే. కాని రెండు మిగలాల్సిన చోట పది మిగిలాయి. అంటే తరానికి అయిదు రెట్లు. రెండో తరానికి ఇరవై అయిదు, మూడో తరానికి నూట ఇరవై అయిదు రెట్లు. నాటు వేసిన కొత్తలో పది దుబ్బులకు ఒక్క దోమ ఉంటే దాన్ని ఎవరూ పట్టించుకోరు. మూడు తరాలు తిరిగేసరికి అదే మడిలో దుబ్బుకు పన్నెండు. పిలక దశలో దుబ్బుకు 10 నుంచి 15 దోమలుంటేనే మందు ఆలోచన చెయ్యాలని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెబుతారు. ఎనిమిది చావుల తేడా మనల్ని ఆ గీత దగ్గరికి చేర్చింది. పురుగైనా, గడ్డి అయినా, ఏ జీవి సంఖ్య అయినా పుట్టుక ఒక్కదాంతోనే తేలేది కాదు. ఎన్ని చస్తున్నాయి, ఎందుకు చస్తున్నాయి అన్నది కూడా చూడాలి.

కాపలాదారులను చంపి, దొంగకు విందు

మరి ఈ చావు లెక్కను తగ్గిస్తున్నదేమిటి? మొదటిది, వేళగాని వేళ కొట్టే మందు. నాటు వేసిన నెలలోపే, ఏదో ఆకు కొరికిన పురుగు కనిపించిందని కొట్టే మందులు, ముఖ్యంగా సింథటిక్ పైరిథ్రాయిడ్లు, సాలెపురుగును, మిరిడ్ నల్లిని ముందు చంపుతాయి. సుడిదోమ గుడ్లు ఆకు తొడుగు లోపల ఉంటాయి గనుక మందు వాటికి అందదు. వారం తిరిగేసరికి పిల్లలు బయటికొస్తాయి. అప్పటికి తినేవాళ్లు లేరు. దోమ నెలకో తరం చొప్పున పెరుగుతుంది, సాలెపురుగులు మళ్లీ లేవడానికి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. ఆ మధ్య కాలమే దోమకు రాజ్యం. అందుకే మందు కొట్టినకొద్దీ దోమ పెరుగుతున్నదని మన కూలీలు అనే మాటను వెటకారం చెయ్యనక్కర లేదు. శాస్త్రం కూడా ఆ మాటే చెబుతున్నది.

రెండోది, యూరియా. యూరియా దంచికొట్టిన వరి ముదురు పచ్చగా, మెత్తగా పెరుగుతుంది. ఆ రసం తాగిన దోమ ఎక్కువ గుడ్లు పెడుతుంది, పిల్లలు ఎక్కువ బతుకుతాయి. ఇందులో ఒక విశేషం ఉన్నది. తిండి పుష్కలంగా ఉన్న చోట సుడిదోమ పొట్టి రెక్కలతో పుడుతుంది. అది ఎగరలేదు, ఉన్నచోటే కూర్చుని ఎక్కువ గుడ్లు పెడుతుంది. గుంపు పెరిగి వరి ఎండడం మొదలైతే పొడుగు రెక్కల దోమలు పుట్టి కొత్త మడిని వెతుక్కుంటూ పోతాయి. అంటే తిండి అయిపోవడమే దానికి కళ్లెం. పోవడానికి కొత్త మడి దొరక్కపోతే అక్కడితో దాని కథ ముగుస్తుంది.

ఆ కళ్లెం కూడా ఇప్పుడు తెగింది. ఇది మూడోది. కాకతీయ కాలువ కింద, మానేరు కింద వానకాలం వరి, యాసంగి వరి. ఒక మడిలో కోత సాగుతుంటే పక్క ఊళ్లో పచ్చి వరి. కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపు, మక్క, చెరకు మధ్యమధ్య ఉండి దోమ దారికి అడ్డుపడేవి. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 చివర మూతపడ్డాక చెరకు రైతు వరికి మళ్లక ఏం చేస్తాడు? సిరిసిల్ల మెట్టనేలలకు నీళ్లొచ్చాక అక్కడా వరే. నీళ్లు రావడం తప్పని ఎవరూ అనరు, ఆ నీళ్ల కోసం దశాబ్దాలు కొట్లాడినది మనమే. కాని నీళ్లిచ్చిన సర్కారు వరి కాని పంటకు గిట్టుబాటు ధర చూపించకపోతే ఊరంతా ఒకే పంట అవుతుంది. దోమకు ఏడాది పొడుగునా పచ్చి మేత దొరుకుతుంది.

ఇది మన ఒక్క ప్రాంతపు కష్టం కాదు. 1973–74లో కేరళ కుట్టనాడు వరిని ఈ దోమే తుడిచిపెట్టింది. దోమను తట్టుకుంటుందని 1973లో ఐ.ఆర్.26 రకం విడుదల చేస్తే మూడేళ్లు తిరిగేసరికి దాన్నీ తినగల దోమ ఫిలిప్పీన్స్, ఇండోనేషియా పొలాల్లో లేచింది. చివరికి ఇండోనేషియాలో ఏం జరిగిందో గమనించాలి. కూలీల, పేద రైతుల నెత్తుటి మీద గద్దెనెక్కిన సుహార్తో సర్కారు అది. మందుల ధరలో 80 శాతం దాకా సర్కారే భరించి పొలాల మీద కురిపించింది. దోమ మరింత పెరిగింది. దేశానికి తిండిగింజలు కరువయ్యే ప్రమాదం ముంచుకొచ్చాక, 1986 నవంబరులో 57 రకాల మందులను వరికి వాడరాదని నిషేధించింది. 1989 నాటికి సబ్సిడీ ఎత్తేసింది. మడిలోనే కూర్చుని ఏది దోమ, ఏది దోమను తినే పురుగు అని రైతులు లెక్కపెట్టడం నేర్చుకునే పొలంబడులు పెట్టింది. మందుల వాడకం సగానికి పైగా తగ్గింది. వడ్లు మాత్రం తగ్గలేదు, పెరిగాయి. రైతుల మీద ప్రేమ లేని సర్కారు సైతం ఒప్పుకోక తప్పని సత్యం ఇది.

లాభం ఒకరికి, విషం ఒకరికి

తెలిసిన సంగతే అయితే మన దగ్గర ఎందుకు అమలు కాదు? జవాబు పొలంలో లేదు, దుకాణంలో ఉన్నది. చాలా ఊళ్లలో అప్పిచ్చేదీ, మందు అమ్మేదీ, ఏ మందు కొట్టాలో చెప్పేదీ ఒక్కడే. అప్పున్న రైతు అతని మాట కాదనలేడు. కౌలు రైతు పరిస్థితి మరీ అన్యాయం. మడిలో ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల బాట తూర్పు పడమరలుగా తీస్తే గాలి, వెలుతురు ఆడి దోమ తగ్గుతుందని వ్యవసాయ శాఖ ఏనాడో చెప్పింది. ఎకరానికి నిండా కౌలు కట్టినవాడికి ఆ బాట పదో వంతు నేల పోయినట్టే కనిపిస్తుంది. భూమి ఆసామి మాత్రం కౌల్లో పదో వంతు వదులుకోడు.

ఇక కూలి సంగతి. ట్యాంకుకు ఇంత అని గుత్త మాట్లాడుకున్నవాడు ఎన్ని ట్యాంకులు కొడితే అన్ని పైసలు. మూతికి గుడ్డ తప్ప ఆసరా లేదు. కళ్లు తిరిగి పడిపోతే దవాఖాన ఖర్చు అతనిదే. 2017లో మన సరిహద్దు అవతల యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు. పురుగుమందుల చట్టం 1968లో వచ్చింది, దాని నియమాలు 1971లో వచ్చాయి. మందు కొట్టే కూలీకి రక్షణ దుస్తులు ఇవ్వాలని, వైద్య పరీక్షలు చేయించాలని వాటిలో రాసి ఉన్నది. అర్ధ శతాబ్దం గడిచింది. ఈ మూడు ప్రాంతాల్లో ఎంతమంది కూలీలు ఆ దుస్తులు కళ్లజూశారో ఎవరికి వారే చెప్పుకోవచ్చు.

అసలు మందే వద్దని మేము అనడం లేదు. గీత దాటిన రోజున, సరైన మందు, సరైన కొలతలో, దుబ్బు మొదలు తడిసేలా కొట్టక తప్పదు. దోమను లెక్కపెట్టకుండా, దాన్ని తినే పురుగును చూడకుండా కొట్టే మందుకే మన అభ్యంతరం. అటువంటి మందు రైతు పైసలను, కూలి ప్రాణాన్ని ఒక్కసారే తింటుంది.

కనుక ఊరూరా సంఘాలు కొన్ని కోర్కెలు ముందు పెట్టాలి. కాలువ కింద ఊళ్లన్నీ దగ్గర దగ్గర రోజుల్లోనే నాట్లు వేసేలా నీటి విడుదల జరగాలి. బాటలు తీసిన మడికి కౌలు తగ్గాలి, నాటు కూలి మాత్రం తగ్గరాదు. వ్యవసాయ విస్తరణాధికారి దుకాణంలో కాక మడిలో కనిపించాలి. పొలాసలోని పరిశోధనా స్థానం మాటను మా కూలీల భాషలో గూడేలకు తేవాలి. రక్షణ దుస్తులు, వైద్య పరీక్ష లేకుండా ఎవరితోనూ మందు కొట్టించరాదు. మక్కకు, పసుపుకు, పప్పులకు గిట్టుబాటు ధర దక్కాలి.

సన్నకారు రైతుకూ, కూలీకీ ఇక్కడ తగాదా లేదు. ఒకరి జేబుకు, ఇంకొకరి ఊపిరికి చిల్లి పెడుతున్నది ఒకే డబ్బా. ఈసారి "దోమ పడ్డది" అన్న కేక వినపడగానే దుకాణానికి పోకముందు ఇద్దరూ కలిసి మడిలో దిగండి. ఇరవై దుబ్బులు వంచి చూడండి. దోమలెన్ని, సాలెపురుగులెన్ని? ఆ లెక్క చేతిలో పెట్టుకుని దుకాణదారుతో, ఆసామితో, అధికారితో మాట్లాడండి.