షట్టరు దించే హక్కు

"సొంత దుకాణమే కదా, ఎప్పుడు కావాలంటే అప్పుడు సెలవు పెట్టుకోవచ్చు, మిమ్మల్ని అడిగేవాడెవడు?" అని నెలజీతం అందుకొనే మిత్రుడొకాయన ఈమధ్య నన్ను నిలదీశాడు. అప్పుడు చేతిలో పని ఉంది, జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

దోమలో నాది మోటారు వైండింగు దుకాణం. మావైపు యాసంగి సేద్యమంటే బోరు, బోరంటే మోటారు. వరి పొట్టమీదున్నప్పుడు మోటారు కాలితే రైతు ఎన్నాళ్లో ఆగలేడు. నీటిలో మునిగే మోటారుకు ప్లాస్టిక్ తొడుగున్న రాగితీగను ఒక్కొక్క గాడిలోంచి చేత్తోనే లాగాలి. తొందరలో తొడుగు గీసుకుపోయిందా, బోరులో దించిన పూటే మళ్లీ కాలుతుంది. తెల్లవారకముందే మోటారును ట్రాక్టరులో వేసుకొచ్చి షట్టరు ముందు కూర్చొనే ప్రతి రైతూ నన్ను అడుగుతాడు మహాశయా! అడిగే హక్కు అతనికుంది. ఫోను ఆపేసి హాయిగా తిరిగి రమ్మని సలహా ఇచ్చేవారికి ఎండేది ఎవరి మడో తెలియదు.

అలాగని విశ్రాంతి పట్నపు విలాసమన్న వాదాన్నీ నేను అంగీకరించను. మా పెద్దల కాలంలో వడ్రంగి, కమ్మరి, తాపీమేస్త్రి అమావాస్యనాడు పనిముట్టు ముట్టేవారు కారు. దసరాకు రంపానికీ సుత్తికీ సైతం పూజ, సెలవు. దాన్ని మూఢనమ్మకమని పరిహసించినవారిలో నేనూ ఒకణ్ణి. అందులోని లౌక్యం ఇప్పుడు బోధపడుతోంది. అందరూ ఒకేరోజు మూసేవారు గనుక మూసినవాడి గిరాకీ పక్కవాడికి పోయేది కాదు.

ఆ అమావాస్యను ఎవరు కాజేశారు? 1988 నాటి దుకాణాల చట్టం వారానికొకరోజు మూసివేత అన్నది. 2023లో ప్రభుత్వం రుసుము కట్టినవారికి ఇరవైనాలుగు గంటలూ తెరచుకొనే అనుమతి ఇచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 17న కేంద్రం విశ్వకర్మ పథకం తెచ్చింది. పద్దెనిమిది వృత్తులకు శిక్షణ, శిక్షణలో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000, ఆపైన అప్పు. (వైండింగు వాడు ఆ పద్దెనిమిదిలో లేడు, అది వేరే కథ.) మంచిదే, కాదనను. కాని చేతివృత్తివాడికి ఇంకా పని చేయడమెలాగో నేర్పాలన్న చింతే తప్ప, పని ఆపే వీలు కల్పించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. 2018 జనవరి 1 నుంచి సేద్యానికి ఇరవైనాలుగు గంటల కరెంటు వచ్చాక ఆటోస్టార్టర్లు తీసేయమని రైతులను బతిమాలవలసి వచ్చింది. అంటే మోటారు విశ్రాంతి గురించైనా సర్కారు మాట్లాడిందన్నమాట!

అనంతగిరికి నేను చాలాసార్లు వెళ్లాను. మూసీ పుట్టిన ఆ కొండల్లో సేదతీరడానికి హైదరాబాదు నుంచి కార్లలో వస్తారు. నేను వెళ్లినదంతా బండికి రాగితీగ చుట్ట తగిలించుకొనే. మా నాన్న అలాగైనా చూసినట్టు లేదు. ఆయన పెట్టిన ఈ దుకాణం వరుసగా పదకొండు రోజులు మూసి ఉన్నది ఒక్కసారే, ఆయన పోయినప్పుడు.

పోయిన భాద్రపదంలో వానలు బాగా పడి పని పలచబడ్డాక పరిగిలో నాకు పోటీ అయిన మేస్త్రి దగ్గరికి వెళ్లి, "అన్నా, అయిదు రోజులు నా గిరాకీ నువ్వు చూడు, నీకవసరమైనప్పుడు నేను చూస్తాను" అన్నాను. ఆయన నన్ను అనుమానంగా చూశాడు. "కూలి ఎవరిది?" అన్నాడు. "చేసినవాడిదే. రైతును మాత్రం నాకు తిరిగి పంపించాలె" అన్నాను.

వెళ్లాం. మొదటి రెండు రోజులూ చెయ్యి జేబులోని ఫోను మీదే ఉంది. మూడోనాడు మధ్యాహ్నం నిద్రపోయాను. నన్ను లేపబోయిన పిల్లలను మా ఆవిడ కసిరిందట. తిరిగి వచ్చాక లెక్క చూస్తే మూడు మోటార్లు పరిగిలో కట్టారు. ఇద్దరు రైతులు తిరిగి వచ్చారు, ఒకాయన అక్కడే ఉండిపోయాడు. నష్టమే, దాచను.

దోమ, పరిగి, కుల్కచర్ల, తాండూరు వైండింగు మేస్త్రులం ఒకచోట కూర్చొని అమావాస్యను మళ్లీ తెచ్చుకోవాలని, ఆనాడు ఆపదకు ఒక్క దుకాణం వంతులవారీగా తెరిచి ఉంచాలని నేను చెబుతూ తిరుగుతున్నాను. "ఎవడో ఒకడు సగం షట్టరు లేపి దొంగచాటుగా కడతాడు" అంటున్నారు. నిజమే. మొన్నటిదాకా ఆ పని చేసినవాణ్ణి నేనే.